కాకి దిగిన దీవి

(తిరుపతిలో విద్యార్థులు, ప్రకృతి ప్రేమికులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

నిర్వాహకులు నన్ను శేషాచలం చెట్ల గురించి మాట్లాడమన్నారు. కొండ ఇక్కడే ఉంది, అలిపిరి దాకా వెళితే మీరే చూసుకుంటారు, దానికి నా ప్రసంగం ఎందుకు అన్నాను. బదులుగా, మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక దీవి గురించి చెబుతానన్నాను. సొకోత్రా.

మ్యాప్ వెయ్యి నాయనా. ఇది ఆఫ్రికా కొమ్ము, సోమాలియా. ఆ కొస నుంచి తూర్పుగా ఓ 240 కిలోమీటర్లు సముద్రంలోకి వస్తే చుక్కలా కనిపిస్తోంది చూశారా, అదే. దేశం యెమెన్. కానీ అరేబియా గడ్డకి ఇంకా దూరం, 380 కిలోమీటర్లు. పక్కన అబ్ద్ అల్ కూరి లాంటి చిన్న దీవులు మూడున్నాయి. పెద్ద దీవి ఇంచుమించు మన గోవా అంత ఉంటుంది. జనం అరవై వేల పైమాటే.

వాన ఎంత పడుతుందంటే, దీవి మొత్తం మీద సగటున ఏడాదికి 216 మిల్లీమీటర్లు. ఇక్కడ అనంతపురం పిల్లలెవరైనా ఉన్నారా? ఉన్నారు. మీ జిల్లాలో 550 దాకా పడితేనే కరువు సీమ అంటాం. అందులో సగం కూడా లేదన్నమాట. తీరంలో అయితే ఇంకా తక్కువ. కొండల మీద మాత్రం పొగమంచు పడుతుంది, వానా కొంచెం ఎక్కువే. హగ్హెర్ అని నల్లరాతి కొండలు, 1,500 మీటర్ల ఎత్తు. ఆ దీవిలో ఏం బతికినా ఆ మంచు పుణ్యమే.

ఇంకొకటి, గాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకి వానలు మోసుకొచ్చే నైరుతి గాలులు వాళ్ళ మీదుగానే వస్తాయి. మనకి వాన, వాళ్ళకి ఉత్త గాలి. మామూలు గాలి కాదు, పాత రోజుల్లో ఆ నాలుగు నెలలూ పడవ అనేది ఆ ఒడ్డుకి చేరేది కాదు. ఇప్పటికీ ఆ నెలల్లో చిన్న పడవలు బయటికి తియ్యరు. ఏటా నాలుగు నెలలు ప్రపంచంతో పని లేకుండా బతకడం అలవాటైన జనం వాళ్ళు. వాళ్ళ భాష కూడా అరబ్బీ కాదు, సొకోత్రీ అని వేరే ఉంది, దానికి మొన్నమొన్నటి దాకా రాత లేదు.

ఈ గాలి సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ దీవిని ఇన్నాళ్ళు కాపాడింది అదే. రెండు కోట్ల ఏళ్ళ కిందట, ఏడెన్ సింధుశాఖ విడిపోతున్నప్పుడు, ఈ ముక్క అరేబియా నుంచి తెగింది. అగ్నిపర్వతం పుట్టించిన దీవి కాదు, ఖండం ముక్క. తెగేటప్పుడు దాని మీద ఏం ఉన్నాయో అవే మిగిలాయి, వాటి దారిన అవి మారుతూ వచ్చాయి. అక్కడ 825 రకాల మొక్కలున్నాయని లెక్క, అందులో 37 శాతం భూమ్మీద ఇంకెక్కడా లేవు. బల్లులు, పాముల్లో 90 శాతం, నేల నత్తల్లో 95 శాతం అక్కడివే. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశం అని ప్రకటించింది ఈ అంకెలు చూసే. కప్ప మాత్రం ఒక్కటీ లేదు.

ఈ మొక్కల్ని శాస్త్రంగా మొదట పోగేసింది ఐజాక్ బేలీ బాల్ఫోర్ అనే స్కాట్లాండ్ ఆయన, 1880లో. ఆయన పేరు పెట్టిన వాటిలో ఒకటి చూపిస్తాను. ఇదిగో, దోసచెట్టు. దోసతీగ కాదండీ, చెట్టే. దోస, సొర, కాకర, పొట్ల, ఇవన్నీ ఒకే కుటుంబం కదా, ఆ మొత్తం కుటుంబంలో మానుగా ఎదిగేది ఇదొక్కటే. మాను ఇలా ఉబ్బి ఉంటుంది, లోపలంతా నీళ్ళు. కరువొస్తే దీన్ని నరికి, ముక్కలు చేసి పశువులకి మేత వేస్తారు. దానిమ్మ కూడా ప్రపంచంలో రెండే జాతులు. ఒకటి మనం తినేది, రెండోది సొకోత్రాలో ఉంది. రుచి గురించి అడక్కండి. మీ ఇళ్ళల్లో మేడ మీద కుండీల్లో పెంచుతారే అడీనియం, అది అక్కడ కొండరాయిలోంచి పొడుచుకొచ్చి మనిషి ఎత్తుకి మించి లావెక్కుతుంది. నర్సరీ వాళ్ళు వెయ్యి రూపాయలకి అమ్మే దాని తాతలు!

(నవ్వులు)

ఇక్కడివాళ్ళకి బాగా దగ్గరైనది ఇంకొకటి. మన కొండ మీద కొండ సాంబ్రాణి చెట్టుంది, తెలుసు కదా, శేషాచలం చుట్టుపక్కల తప్ప లేదు. నల్లమలలో అందుగ ఉంది. ఇవి రెండూ బాస్వెల్లియా వంశం. సొకోత్రాలో ఇదే వంశం చెట్లు పది రకాల దాకా ఉన్నాయి, అన్నీ అక్కడివే. కొన్ని నిట్టనిలువు రాతిగోడకి అంటుకుని పెరుగుతాయి, మొదలు ఉబ్బి రాయిని పట్టుకుంటుంది. గీస్తే అదే తెల్లటి జిగురు, అదే వాసన. అక్కడ నేను ఓ ముక్క నిప్పుల మీద వేస్తే, మా బృందంలో ఉన్న యూరప్ వాళ్ళు చర్చి వాసన అన్నారు. నాకు మా ఇంట్లో శుక్రవారం గుర్తొచ్చింది.

సరే, అసలు చెట్టు దగ్గరికొద్దాం. సొకోత్రా అనగానే ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మ ఇదే, డ్రాగన్ బ్లడ్ చెట్టు. శాస్త్రనామం డ్రసీనా సిన్నబారి. గొడుగు ఆకారం. దూరం నుంచి ఫొటో తీసి అందరూ వెళ్ళిపోతారు. దగ్గరికెళ్ళి కింద నిలబడి పైకి చూడాలి. పైన ఆకులు దట్టంగా, కత్తుల్లా బిరుసుగా, ఒక్కో కొమ్మ చివర ఒక్కో గుత్తి. కింద నుంచి చూస్తే ఒక్క ఆకూ కనిపించదు, అన్నీ కొమ్మలే, రెండుగా చీలి, మళ్ళీ రెండుగా చీలి. ఇది ఏకదళబీజం, మన కొబ్బరి, ఈత లాగే. కాబట్టి మాను కోస్తే వయసు చెప్పే వలయాలు ఉండవు. వయసు అంచనా కట్టాలంటే కొమ్మ ఎన్నిసార్లు చీలిందో లెక్కపెట్టాలి. పూత వచ్చాకే కొమ్మ చీలుతుంది కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా లెక్కపెట్టాను, మధ్యలో తప్పాను, వదిలేశాను. పెద్ద చెట్లకి వందల ఏళ్ళు ఉంటాయి.

ఆ ఆకారం ఎందుకంటే, మంచు కోసం. కొండ మీదికి మంచు గాలి వచ్చినప్పుడు ఆ నిక్కపొడుచుకున్న ఆకులు తడిని పట్టుకుంటాయి. చుక్క చుక్కగా ఆకు మొదట్లోకి, కొమ్మ మీదికి, మాను మీదుగా వేరు దగ్గరికి జారుతుంది. పొద్దెక్కాక ఆ గొడుగు నీడే కింద నేలని ఆరనివ్వదు. ఆ నీడలో చిన్న మొక్కలు, నత్తలు, బల్లులు ఓ సంసారం నడుపుతుంటాయి. చెట్టు పోతే ఆ చెట్టొకటే పోదు, ఆ చుట్టు నేల ఎండిపోతుంది.

బెరడు మీద గాయం చేస్తే ఎర్రటి జిగురు కారుతుంది. గట్టిపడ్డాక నల్లటి ముక్కలా ఉంటుంది, గోటితో గీరితే ఎర్రటి పొడి. అరబ్బులు దీన్ని దమ్ అల్ అఖవైన్ అంటారు, అన్నదమ్ముల నెత్తురు అని. కడుపునొప్పికి, నెత్తురు కారే గాయాలకి, కుండల మీద బొమ్మలు వెయ్యడానికి, అన్నిటికీ వాడతారు. ఒకటో శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ అనే నావికుల గ్రంథంలో ఇది ఉంది. మన తీరాన్ని మసాలియా అని చెప్పి, అక్కడ మేలైన బట్టలు నేస్తారని రాసిన గ్రంథమే అది. అందులో సొకోత్రా గురించి చెబుతూ, చెట్ల నుంచి చుక్కలుగా పోగుచేసే ఎర్ర రంగు ఇక్కడ దొరుకుతుంది, దాన్ని ఇండియన్ అంటారు అని రాశాడు. సరుకు వాళ్ళది, పేరు మనది. ఆ దీవి మీద అరబ్బులు, గ్రీకులు, భారతీయులు కలిసి ఉండేవారని కూడా అందులోనే ఉంది. నిజమే అనడానికి సాక్ష్యం దొరికింది. అక్కడ హోక్ అని పెద్ద గుహ ఉంది, ఈ శతాబ్దం మొదట్లో బెల్జియం వాళ్ళు లోపలికి వెళ్ళి చూస్తే గోడల మీద బ్రాహ్మీ లిపిలో మనవాళ్ళు పేర్లు గీసి ఉన్నాయి. ఎక్కువగా గుజరాత్ తీరం, భరుకచ్ఛం వైపు నావికులవి. ఫలానావాడు వచ్చాడు అని. మనవాళ్ళకి గోడ కనిపిస్తే పేరు రాసే జబ్బు అప్పటిదేనన్నమాట.

(నవ్వులు)

అదే పెరిప్లస్‌లో ఇంకో వాక్యం ఉంది. ఈ దీవిలో నదులున్నాయి, మొసళ్ళున్నాయి, పెద్ద ఉడుముల్లాంటివి ఉన్నాయి, వాటి మాంసం తింటారు, నేల తాబేళ్ళు ఉన్నాయి అని. ఇవాళ సొకోత్రాలో మొసలి లేదు, పెద్ద ఉడుము లేదు, నేల తాబేలు లేదు. అంటే మనం ఇవాళ చూసి ఆహా అనుకుంటున్నది కూడా మిగిలినదే.

మళ్ళీ చెట్టు దగ్గరికి. ఫిర్మిహిన్ అనే చోట ఈ చెట్ల అడవి ఉంది. మొత్తం దీవి మీద 80 వేల చెట్ల దాకా ఉంటాయని లెక్కేశారు, అందులో పెద్ద వాటా అక్కడే. మధ్యలో నడుస్తుంటే చాలాసేపటికి గానీ తట్టదు, ఏదో లేదు అని. పిల్ల మొక్క లేదు. మోకాలెత్తు మొక్క లేదు, నడుమెత్తు మొక్క లేదు. అన్నీ పెద్దవే. పిల్లలంతా హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్ళిపోయి ముసలివాళ్ళే మిగిలిన పల్లెలు మీకు తెలుసు కదా, అలాంటి అడవి అది. ఫొటోలో పడదు ఈ సంగతి. ఫొటోలో అడవి నిండుగానే ఉంటుంది. పిల్ల మొక్కలు కనపడేది ఎక్కడంటే, మేక ఎక్కలేని కొండ చరియల్లో.

మేక అన్నాను కాబట్టి, వెంటనే మేకని తిట్టకండి. ఆ దీవి మీద మేకలు ఎప్పటి నుంచో ఉన్నాయి. చెట్లూ ఉన్నాయి. మరి ఇప్పుడేమైంది? పాత రోజుల్లో తెగలవారీగా కట్టుబాట్లు ఉండేవి. ఏ కాలంలో ఎవరి మంద ఎక్కడ మెయ్యాలి, ఏ కొండకి ఎప్పుడు పోకూడదు అని. పచ్చి చెట్టు నరకడం తప్పు, ఎండు పుల్లే ఏరుకోవాలి. తగువొస్తే పెద్దమనుషులు కూర్చునేవారు. కరువొస్తే మంద సగం చచ్చేది, కొండకి కొంచెం ఊపిరి ఆడేది. ఇప్పుడు రోడ్లొచ్చాయి, 1999లో విమానాశ్రయం వచ్చింది, బియ్యం, పిండి, దాణా ఓడల్లో దిగుతున్నాయి. చదువుకున్న కుర్రాళ్ళు హదీబో పట్నంలో ఉద్యోగం చూసుకుంటున్నారు, కొండ మీద కాపరి లేడు. మందని తోలేవాడు లేక, మేకలు వాటి ఇష్టం వచ్చిన చోట మేస్తున్నాయి. కరువులో దాణా ఉంది కాబట్టి చావడం లేదు. ఇందులో నేను తప్పుపట్టేది ఏదీ లేదు. పిల్లాణ్ణి చదివించుకోవద్దని ఎవరంటారు?

ఇక కాకి కథ. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇది.

1996లో హదీబోలో కాకి కనపడింది. మెడ బూడిద రంగులో ఉండే మన ఊరకాకి. మీ ఇంటి పిట్టగోడ మీద పొద్దున్నే అరిచేది. ఆ దీవి మీద అంతకుముందు లేదు. నల్లగా, పెద్దగా ఉండే వేరే జాతి ఒకటి ఉంది, అది వాళ్ళ సొంతది. ఈ ఊరకాకి మాత్రం ఏదో ఓడెక్కి వచ్చింది. ఓడ ప్రయాణం దీనికి కొత్త కాదు. జాంజిబార్‌కి 1890ల్లో చెత్త తింటుంది కదా అని కావాలనే తెచ్చారు. అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా తీరమంతా పాకింది. కెన్యా ప్రభుత్వం 2024లో పది లక్షల కాకుల్ని తీసేస్తామని ప్రకటించే దాకా వచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని ఇండియా కాకి అనే అంటారు, మన పేరు అలా కూడా మోగుతోంది.

కాకి ఏం చేస్తుంది? గూళ్ళు వెతుకుతుంది. గుడ్లు తింటుంది, కళ్ళు తెరవని పిల్లల్ని ఎత్తుకుపోతుంది. మన పిచ్చుక, గోరింక దానితో వేల ఏళ్ళుగా కలిసి బతికాయి, వాటికి దాని ఎత్తులు తెలుసు. సొకోత్రా పిచ్చుకకి తెలియవు. అక్కడ ఆ దీవికే సొంతమైన పక్షులు పది పైగా ఉన్నాయి. సొకోత్రా పిచ్చుక, సొకోత్రా గోరింక, సొకోత్రా తేనెపిట్ట, చిన్న గుడ్లగూబ ఒకటి. అక్కడ పోతే ఇక ఎక్కడా లేనట్టే.

దీన్ని మొదట పట్టించుకున్నది అక్కడి పర్యావరణ శాఖలో పనిచేసే ఆ దీవి మనుషులు. కాకులు పదుల్లోనే ఉన్నప్పుడు. వందల్లోకి వెళితే ఎవరి తరమూ కాదని వాళ్ళకి తెలుసు. కాకిని కొట్టడం అంత తేలిక కాదండీ, మీరు ఎప్పుడైనా ప్రయత్నించి ఉంటే తెలుస్తుంది. రాయి తియ్యడానికి వంగితే చాలు ఎగిరిపోతుంది. ఒకసారి దెబ్బ తగిలిన మనిషి మొహం గుర్తుపెట్టుకుంటుంది. అందుకని పెద్ద కాకుల జోలికి పోకుండా గూళ్ళ మీద పడ్డారు. ఊళ్ళో కుర్రాళ్ళకి చెప్పారు, గూట్లోంచి కాకిపిల్లని తెస్తే ఇంత డబ్బు అని. చెట్లెక్కే వయసు పిల్లలు, పైగా డబ్బులు. ఏ ఏటికి ఆ ఏడు పుట్టిన పిల్లలు ఎగరకముందే తీసేస్తూ పోయారు. పెద్దవి పెరగలేదు, కొత్తవి రాలేదు. ఏళ్ళ తరబడి అలా కాపు కాసి, చివరికి 2009లో మిగిలిన కొద్ది కాకుల్ని గురి తెలిసినవాళ్ళతో కాల్పించారు. అయిపోయింది. 1996 నుంచి 2009. ఊరకాకిని పూర్తిగా తీసెయ్యగలిగిన చోట్లు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి.

ఇక్కడ కొందరు మొహాలు అదోలా పెట్టారు, నాకు కనిపిస్తోంది. కాకి అంటే మనకి పిండం ముట్టే పక్షి. తద్దినం రోజు అది రాకపోతే టెన్షన్ పడిపోతాం. నేనూ మా నాన్నగారి తద్దినానికి గోడ మీద ముద్ద పెట్టి కాకి కోసం చూసేవాణ్ణే. మన గోడ మీద అది ఉండాలి. హదీబోలో ఉండకూడదు. ఈ రెండు మాటలకీ నాకు పేచీ ఏమీ కనపడదు.

ఆ పనికి హెలికాప్టర్లు రాలేదు, గొప్ప యంత్రాలు రాలేదు. ఇది ఇక్కడిది కాదే అని గుర్తుపట్టిన మనిషి ఒకడు ఉన్నాడు, ఏటా మర్చిపోకుండా ఆ పని చేసే ఊరు ఉంది. ఇంతకంటే పెద్ద కారణం నాకు కనపడలేదు.

మనవైపు నుంచి వెళ్ళినది ఇంకొకటి ఉంది, తిరుపతి వాళ్ళు నవ్వుతారు. పునుగు పిల్లి. శ్రీవారి శుక్రవారం అభిషేకం తరవాత పునుగు తైలం అంటామే, ఆ పునుగు. అదే జాతి పిల్లి సొకోత్రాలో ఉంది. ఆ సువాసన సరుకు కోసమే ఎప్పుడో పాత వర్తకులు తెచ్చి వదిలారు. అక్కడివాళ్ళు దాన్ని పట్టి, పునుగు గీకి తీసుకుని, మళ్ళీ వదిలేసేవారు. దాన్ని ఇప్పుడు ఎవరూ తీసెయ్యాలని చూడటం లేదు. కాకి విషయంలో పట్టుబట్టినవాళ్ళు పిల్లి విషయంలో ఊరుకున్నారేం అంటే, అది శతాబ్దాల కిందటే కొండలోయలన్నిటికీ పాకింది, ఇక ఎవరి చేతిలోనూ లేదు. కాకి ఇంకా చేతిలో ఉండగా దొరికింది.

రాబందుల గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. మీలో పెద్దవాళ్ళు పక్షితీర్థం వెళ్ళే ఉంటారు. చెంగల్పట్టు దగ్గర కొండ మీద గుడి, మధ్యాహ్నం పూజారి పొంగలి పెడితే రెండు తెల్ల పక్షులు వచ్చి తినేవి. కాశీ నుంచి రామేశ్వరం వెళుతూ దిగే మునులని చెప్పేవారు. అవి తెల్ల రాబందులు. 1990ల చివరి నుంచి రావడం లేదు. సొకోత్రాలో ఆ జాతివి దాదాపు 1,900 ఉన్నాయని లెక్క. ప్రపంచంలో ఇంత దట్టంగా మరెక్కడా లేవు. మేం భోజనానికి కూర్చుంటే రెండు బారల దూరంలో వచ్చి నిలబడ్డాయి, పెళ్ళిలో ఆలస్యంగా వడ్డించారని అలిగిన చుట్టంలా పసుపు మొహం వేసుకుని. ఎవరూ తరమరు. ఊళ్ళో జనం వాటిని మునిసిపాలిటీ అని పిలుస్తారు. మాట వరసకి కాదు, పరిశోధకులు లెక్కగట్టారు, ఊళ్ళలో పోగయ్యే కుళ్ళు చెత్తలో ఐదో వంతు పైగా అవే తినేస్తున్నాయట. మన దేశంలో పశువులకి వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వల్ల రాబందులు కోట్ల నుంచి వేలకి పడిపోయాయి. కారణం 2004లో తేలింది, 2006లో ఆ మందుని పశువులకి వాడొద్దన్నారు. సొకోత్రా పశువైద్యుడి బీరువాలో ఏ మందు ఉంటుందన్నది అక్కడి రాబందులకి అంత పెద్ద విషయం.

తుఫాన్ల గురించి తొందరగా చెప్పి ముగిస్తాను, టైమ్ చూపిస్తున్నారు. 2015 నవంబర్‌లో ఒక్క వారంలో రెండు తుఫాన్లు తగిలాయి, చపల, మేఘ్. రెండో పేరు మన దేశం ఇచ్చిన జాబితాలోదే. అరేబియా సముద్రంలో అలాంటి జంట తుఫాను ఎవరూ ఎరగరు. మళ్ళీ 2018 మేలో మెకును. హుద్‌హుద్ తరవాత విశాఖ చూసినవాళ్ళకి చెట్లు పడిన ఊరు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ విశాఖలో మళ్ళీ నాటారు, పదేళ్ళలో నీడ వచ్చింది. సొకోత్రాలో హోమ్‌హిల్ దగ్గర పడిపోయిన సాంబ్రాణి చెట్లకి, కొండ మీద కూలిన డ్రాగన్ చెట్లకి వెనక పిల్లలు లేవు. పైగా 2015 నుంచే యెమెన్‌లో యుద్ధం. దీవి మీద పెద్దగా కాల్పులు లేకపోయినా అధికారం చేతులు మారింది, జీతాలు ఆగాయి, తనిఖీలు లేకుండా ఓడలు దిగాయి. సిమెంటు బస్తాల మధ్య ఏ గింజ ఉందో, ఏ చీమ ఉందో చూసేవాడెవడు?

ఏం చేస్తున్నారంటే, కంచెలు కట్టి నర్సరీలు పెంచుతున్నారు. చెక్ దేశం బ్రనో నగరంలోని మెండెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చాలా ఏళ్ళుగా అక్కడివాళ్ళతో కలిసి పని చేస్తున్నారు. కొన్ని నర్సరీలు ఆ దీవి కుటుంబాలే నడుపుతున్నాయి. ఇక్కడ ఓ చిన్న లెక్క చెయ్యండి. డ్రాగన్ చెట్టు మొక్క ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. వెనక కాళ్ళ మీద లేచిన మేక నోరు ఒకటిన్నర మీటర్ అందుకుంటుంది. ఆ ఎత్తు దాటడానికి ఎన్నేళ్ళు? చెప్పండి.

(సభలోంచి: అరవై!)

అరవై. యాభై నుంచి డెబ్బై ఐదు అనుకుందాం. అంటే ఇవాళ కంచె వేసినవాడి మనవడు ఆ కంచె తియ్యాలి. బయటి నుంచి వచ్చే నిధులు మూడేళ్ళకో ఐదేళ్ళకో ఇస్తారు. తరవాత నివేదిక రాస్తారు, ఫొటో తీస్తారు, వెళ్ళిపోతారు. తీగ తుప్పు పట్టిన రోజు మేక లోపలికి వస్తుంది. నా మట్టుకు నాకు, కొత్త కంచెలకి ఇచ్చే డబ్బులో సగం పాత కంచెలు చూసుకునే కాపరి కుటుంబానికి జీతంగా ఇస్తే మేలనిపిస్తుంది. దాన్ని ఏ దాతా ఇష్టపడడు, ప్రారంభోత్సవం ఉండదు కదా.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేకలన్నిటినీ తీసేస్తే సరిపోదా సార్? గాలాపగోస్‌లో అలాగే చేశారని చదివాను.)

మంచి ప్రశ్న. చేశారు. ఇసబెలా, శాంటియాగో దీవుల మీద 1997 నుంచి 2006 దాకా లక్షా నలభై వేలకి పైగా మేకల్ని తీసేశారు, హెలికాప్టర్ల నుంచి కాల్చి. మెడకి రేడియో కట్టిన మేకని వదిలితే అది మిగతా వాటిని వెతుక్కుంటూ పోయేది, దాని వెనకే వీళ్ళు. అడవి తిరిగొచ్చింది, కాదనను. కానీ ఆ మేకలు ఎవరివీ కావు, అడవి మేకలు. సొకోత్రాలో ప్రతి మేకకీ చెవి మీద గుర్తు ఉంటుంది, ఓ ఇల్లు ఉంటుంది. దాని పాలు తాగే పిల్ల ఉంటుంది. రోడ్డు మీద మేకని గుద్దితే నష్టపరిహారం కట్టాలి. అక్కడికెళ్ళి మేకల్ని తీసేస్తామంటే, మర్నాడు కంచె కూడా ఉండదు. మందని ఎప్పుడు ఎక్కడ ఆపాలో వాళ్ళ పాత కట్టుబాటులోనే ఉంది. దాన్ని మళ్ళీ నడిపించుకోవడానికి వాళ్ళకి చేతనైన సాయం చెయ్యడం ఒక్కటే దారి.

(ఒక శ్రోత: చెట్టు అసలు మిగులుతుందంటారా?)

2007లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, వాతావరణం ఇలాగే మారితే 2080 నాటికి ఆ చెట్టుకి సరిపడే నేల 45 శాతం తగ్గుతుంది. మంచు తగ్గుతుంది కాబట్టి. ఎత్తైన చోట్ల, హగ్హెర్ కొండల్లో మిగలొచ్చు. ఇప్పుడు నాటేవి ఎక్కడ నాటాలో ఆ లెక్క చూసుకునే నాటాలి. కింద, జనం కార్లు ఆపి ఫొటో తీసుకునే చోట నాటితే ఎవరికీ ఉపయోగం లేదు.

(ఒక శ్రోత: మనం వెళ్ళి చూడొచ్చా?)

వెళ్ళొచ్చు, కాకపోతే యెమెన్ పరిస్థితి ఎప్పుడెలా ఉంటుందో కనుక్కుని, విమానాలు నడుస్తున్నాయో లేదో చూసుకుని. ఫిబ్రవరి, మార్చి మంచిది, అడీనియం పూస్తుంది. జూన్ తరవాత గాలికి గుడారం నిలవదు. బయల్దేరేముందు బూట్ల అడుగున మట్టి కడగండి, సాక్సుల్లో, బ్యాగు కుట్ల మధ్య గడ్డి గింజలు ఉంటే ఏరెయ్యండి. జిగురు కొనాలంటే ఆడవాళ్ళ సంఘాలు అమ్మే చోట కొనండి, ఎవరైనా మీ ముందే చెట్టుకి గాయం చేసి ఇస్తానంటే వద్దనండి. ఆవకాయ సీసా పట్టుకెళ్ళండి, తిండి చప్పగా ఉంటుంది. మామిడి టెంకలు మాత్రం వద్దు.